షుగరుతో కిడ్నీలు దెబ్బతిన్న అమ్మను క్లినికల్ ట్రయల్‌లో చేర్చవచ్చా?

సంతపేట_వాసి

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. మా అమ్మగారికి 58 ఏళ్ళు. పద్నాలుగేళ్ళుగా షుగరు, దానికి తోడు బీపీ ఉన్నాయి. రెండేళ్ళ క్రితం మూత్రంలో నురగ కనిపిస్తోందని చూపిస్తే కిడ్నీల నుంచి ప్రొటీన్ పోతోందని తేలింది. ఇప్పుడు కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.9 ఉంది. ఇన్సులిన్‌తో పాటు టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలు క్రమం తప్పకుండా వాడుతున్నారు.

పోయిన నెల విజయవాడలో కిడ్నీ డాక్టర్ గారికి చూపించినప్పుడు, ఈ జబ్బుకు ఒక కొత్త మాత్ర మీద మూడో దశ క్లినికల్ ట్రయల్ జరుగుతోందని, ఇష్టమైతే అమ్మ అందులో చేరవచ్చని ఆయన చెప్పారు. ఇప్పుడు వాడుతున్న మందులను అలాగే కొనసాగిస్తూ, వాటికి తోడుగా సగం మందికి కొత్త మాత్ర, మిగిలిన సగం మందికి చూడటానికి అచ్చం అలాగే ఉండే మందు లేని మాత్ర ఇస్తారట. ఎవరికి ఏది అందుతోందో తనకు కూడా తెలియదని ఆయనే అన్నారు. రెండేళ్ళపాటు మూడు నెలలకొకసారి వెళ్ళాలి. పరీక్షలకు డబ్బు తీసుకోరు, దారి ఖర్చులు ఇస్తారు.

ఇంటికి తీసుకువెళ్ళి చదువుకోమని ఇచ్చిన కాగితాలు 24 పేజీలున్నాయి. తెలుగే అయినా నాకు సగం అర్థం కాలేదు. ‘యాదృచ్ఛికీకరణ’ అంటే ఏమిటో తెలియలేదు. ‘ద్వంద్వ అంధ అధ్యయనం’ అన్న మాట చూసి, ఈ మందు వల్ల రెండు కళ్ళూ పోయే ప్రమాదం ఉందేమోనని మా నాన్నగారు హడలిపోయారు. షుగరు వల్ల అమ్మ కంటికి కిందటేడే లేజర్ చేయించాము కాబట్టి ఆయన భయం నాకు విడ్డూరంగా అనిపించలేదు.

హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య, మన మనిషి మీద ప్రయోగాలు చేయనిస్తామా అని ఫోనులోనే కోప్పడ్డాడు. నాన్నగారేమో డాక్టర్ గారి మీద ఉన్న గౌరవం కొద్దీ తానే సంతకం పెట్టేస్తానంటున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. మందు లేని మాత్ర వస్తే రెండేళ్ళూ వృథా అయినట్టేనా, మధ్యలో మానేస్తే ఆ డాక్టర్ గారు మళ్ళీ అమ్మను చూస్తారా, జరగరానిది జరిగితే ఎవరిది బాధ్యత అన్నవి నా సందేహాలు. ఈ రంగం తెలిసినవారు, ట్రయల్స్‌లో పాల్గొన్నవారు దయచేసి చెప్పండి.

వార్డు_డైరీ

సంతపేట వాసి గారూ, నేను పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ సమన్వయకర్తగా పని చేస్తున్నాను. రోగులకు ఫోను చేసి తారీఖు గుర్తు చేయడం, కాగితాలు చదివి వినిపించడం, వాడగా మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం నా రోజువారీ పని. మీ అమ్మగారిని చేరమని గానీ వద్దని గానీ నేను చెప్పను. ఆమె రిపోర్టులు చూడకుండా ఆ మాట ఎవరు చెప్పినా మీరు నమ్మవద్దు.

ముందుగా మీ నాన్నగారి భయం తీర్చాలి. ‘ద్వంద్వ అంధ’ అన్న మాటకు కళ్ళతో ఏ సంబంధమూ లేదు. ఎవరికి ఏ మాత్ర అందుతోందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు అని దాని అర్థం. ఇంగ్లీషు మాటను ముక్కకు ముక్కగా తెలుగు చేసినవారు, ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని చదివే మనిషిని తలచుకోలేదు. మా దగ్గర కూడా ఇటువంటి తెలుగే వస్తుంది, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఇక ‘యాదృచ్ఛికీకరణ’ అంటే చీటీలు తీసినట్టుగా, ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో కంప్యూటరు ద్వారా నిర్ణయించడం. డాక్టరు తనకు తెలిసినవారికి మందు, మిగిలినవారికి ఉత్త మాత్ర ఇచ్చుకునే వీలు లేకుండా చేయడానికే ఈ ఏర్పాటు. ప్రాణం మీదికి వస్తే, రోగి వాడుతున్నది ఏ మాత్రో వైద్యుడు అప్పటికప్పుడు తెలుసుకునే మార్గం ఉంటుంది. ఆ మార్గం ఏమిటో మీరు అడిగి తెలుసుకోండి.

మొదటి దశలో కొద్ది పదుల మంది మీద, తరచుగా ఆరోగ్యవంతుల మీద, మందు ఎంత మోతాదు వరకు భరించగలరో చూస్తారు. రెండో దశలో రోగుల మీద, సాధారణంగా కొన్ని వందల మంది వరకు, అది పని చేసే సూచనలు ఉన్నాయా అని చూస్తారు. మూడో దశలో వందల నుంచి వేల మంది మీద, అది నిజంగా మేలు చేస్తుందా అని తేలుస్తారు. మూడో దశకు వచ్చింది కాబట్టి మందు మంచిదని రుజువైపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మీ అమ్మగారి జబ్బులోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది.

బార్డాక్సొలోన్ అనే మందును షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్న 227 మంది మీద రెండో దశలో పరీక్షించారు. 2011లో వెలువడిన ఆ ఫలితాల్లో, కిడ్నీలు రక్తాన్ని వడపోసే శక్తి పెరిగినట్టు కనిపించింది. ఉన్న శక్తి తగ్గే వేగాన్ని మందగింపజేయడమే గొప్ప అనుకునే జబ్బులో శక్తి పెరగడం అంటే ఎంత ఆశ కలిగిందో మీరు ఊహించవచ్చు. మూడో దశలో, కిడ్నీ జబ్బు మరింత ముదిరిన 2,185 మందిని తీసుకుని సగం మందికి ఆ మందు, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చారు. 2012 అక్టోబరులో ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. గుండె బలహీనపడి ఆసుపత్రిలో చేరినవారు, ఆ కారణంగా మరణించినవారు మందు గుంపులో 96 మంది, ఉత్త మాత్ర గుంపులో 55 మంది ఉన్నారు. షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవారికి మందు వాడినా వాడకపోయినా గుండె జబ్బు రావడం మామూలే. కాబట్టి పోల్చి చూడటానికి రెండో గుంపు లేకపోయి ఉంటే, ఆ 96 మందిని చూసి ‘జబ్బు లక్షణమే’ అనుకుని ఆ మందును బజారులోకి పంపేవారు. ట్రయల్‌ను నడిపే కంపెనీతో, వైద్యులతో సంబంధం లేని నిపుణుల సంఘం ఒకటి ఎప్పటికప్పుడు రెండు గుంపుల అంకెలనూ చూస్తూ ఉంటుంది. ఆపమని చెప్పింది ఆ సంఘమే. మీ అమ్మగారి ట్రయల్‌కు అటువంటి సంఘం ఉందా, ఎంత కాలానికొకసారి చూస్తుంది అని తప్పకుండా అడగండి.

ఇప్పుడు రెండో వైపు. మీ అమ్మగారు రోజూ వేసుకునే డాపాగ్లిఫ్లోజిన్ మొదట షుగరు మాత్రగా వచ్చింది. అది కిడ్నీలను కాపాడుతుందా అని తేల్చడానికి 4,304 మంది మీద ట్రయల్ జరిగింది. అందులోనూ సగం మందికి ఉత్త మాత్రే ఇచ్చారు. 2020లో ఫలితాలు వచ్చాయి. కిడ్నీలు బాగా దెబ్బతినడం, డయాలిసిస్ అవసరం కావడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణించడం వంటివి మందు గుంపులో నూటికి 9.2 మందికి, ఉత్త మాత్ర గుంపులో నూటికి 14.5 మందికి సంభవించాయి. మేలు అంత స్పష్టంగా కనిపించడంతో ఆ ట్రయల్‌ను కూడా ముందుగానే ఆపేశారు. ఎక్కడెక్కడి వారో రెండు వేల మందికి పైగా మందు లేని మాత్ర వేసుకోబట్టే, ఈ రోజు మీ అమ్మగారి చీటీ మీద డాక్టరు ధైర్యంగా ఆ పేరు రాయగలుగుతున్నారు. అయితే వారు కూడా బీపీకి, కిడ్నీలకు అప్పటికే ఉన్న మందులను మానలేదు. మీరు పట్టుకోవలసిన సంగతి ఇది. మీ ట్రయల్‌లో టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ రెండూ రెండేళ్ళూ కొనసాగుతాయా, మొదట్లో కొన్ని వారాలు దేనినైనా ఆపుతారా అన్నది కాగితంలో ఎక్కడ రాసి ఉందో చూపించమని అడగండి.

సంతకం పెట్టగానే చేరిపోయినట్టు కాదు. ముందు రక్తం, మూత్రం, ఈసీజీ పరీక్షలు చేసి, వారి కొలతలకు సరిపోతేనే తీసుకుంటారు. చాలామంది అక్కడే వెనుదిరుగుతారు. అది వారి తప్పు కాదు, చిన్నబుచ్చుకోవలసిన పనీ లేదు. చేరాక ఖాళీ అయిన మాత్రల అట్టలను పారేయకుండా ప్రతిసారీ వెంట తెచ్చి ఇవ్వాలి. మరిచిపోయిన మాత్రలుంటే ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక పెద్దాయన, నేను నొచ్చుకుంటానని మిగిలిపోయిన ఆరు మాత్రలను బస్టాండులో పారేసి ఖాళీ అట్ట తెచ్చి ఇచ్చారు. ఆ సంగతి ఆయన మనవడి ద్వారా తర్వాత తెలిసింది. అటువంటి మొహమాటం ఆయనకూ మంచిది కాదు, ఆ లెక్కల మీద ఆధారపడబోయే రేపటి రోగులకూ మంచిది కాదు. అలాగే ఇంట్లో వాడే ఆకుపసరు, నాటు మందు, మోకాళ్ళ నొప్పులకు కొట్లో అడిగి తెచ్చుకునే బిళ్ళ, అన్నీ చెప్పాలి. కిడ్నీ రోగులకు ఆ నొప్పి బిళ్ళలు ట్రయల్ ఉన్నా లేకపోయినా ప్రమాదమే.

మధ్యలో మానేయడం ఆమె హక్కు, కారణం చెప్పనవసరం లేదు. మానేసినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. మానేటప్పుడు మాత్రం చివరిసారి వెళ్ళి పరీక్షలు చేయించుకోవడం ఆమెకే క్షేమం.

పల్నాటి_గడప

పై సమాధానం ఓపికగా, వివరంగా ఉంది, కాదనను. కానీ మీ అన్నయ్య కోపాన్ని తేలికగా తీసిపారేయవద్దని కోరుతున్నాను. 2011లో మా పిడుగురాళ్ళ ప్రాంతపు పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌కు తీసుకువెళ్ళి వారి మీద మందుల పరీక్షలు జరిపించిన సంగతి పత్రికల్లో వచ్చింది. తమకు ఇస్తున్నది ఏ మందో, ఎందుకు ఇస్తున్నారో వారిలో చాలామందికి తెలియదు. నెలకు రెండు మూడు వేల రూపాయల లోటు పూడ్చుకోవడానికి ఒళ్ళు అప్పగించవలసి వచ్చిన మనిషి ‘ఇష్టపూర్వకంగా’ సంతకం పెట్టిందని కాగితంలో రాసుకోవడం నాకు మింగుడు పడదు.

మీ అమ్మగారి పరిస్థితి వేరని నాకు తెలుసు. ఆమెకు జబ్బు ఉంది, చూసే డాక్టరు ఉన్నారు, చదివి చెప్పే కూతురు ఉంది. అయినా ఒక్క ప్రశ్న మీకు మీరే వేసుకోండి. ఉచిత పరీక్షలు, దారి ఖర్చులు లేకపోయినా మీరు దీనికి ఒప్పుకునేవారా? కాదని జవాబు వస్తే ఇంకొక వారం ఆగండి.

మానేరు_ఒడ్డు

మాది కరీంనగర్. మా నాన్నగారు గుండె బలహీనతకు సంబంధించిన ఒక ట్రయల్‌లో ఏడాదిన్నర ఉన్నారు. మంచీ చెడూ రెండూ చెబుతాను.

మంచి ఏమిటంటే, అంత శ్రద్ధగా ఆయనను అంతకు ముందు ఎవరూ చూడలేదు. మామూలు ఓపీలో మూడు నిమిషాలు దొరికే డాక్టరు అరగంట కూర్చునేవారు. కాళ్ళ వాపు వేలితో నొక్కి చూసేవారు, బరువు ప్రతిసారీ రాసేవారు. ఆ అలవాటు వల్ల నాన్నగారు ఇప్పటికీ ఉదయం లేవగానే బరువు చూసుకుని క్యాలెండరు మీద రాసుకుంటారు.

చెడు కూడా మా అనుభవమే. సంతకాలయ్యాక మాకు ఒక ప్రతి ఇవ్వాలని మాకు తెలియదు, ఆ ఆసుపత్రివారు ఇవ్వలేదు. అయిదో నెలలో ఒక ఆదివారం రాత్రి వాంతులు, విరేచనాలు పట్టుకుని బీపీ పడిపోతే కరీంనగర్‌లోనే ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చాము. అక్కడి డ్యూటీ డాక్టరు ‘ఏం మందులు వాడుతున్నారు’ అని అడిగితే, నేను సంచిలోంచి ఒక తెల్ల డబ్బా తీసి ఇచ్చాను. దాని మీద ఒక అంకె, ‘ట్రయల్ వాడకానికి మాత్రమే’ అన్న మాట తప్ప ఇంకేమీ లేవు. ఆయన దాన్ని రెండు మూడు సార్లు తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు. మా దగ్గరున్న ఫోను నంబరు ఆసుపత్రి ఆఫీసుది. ఆదివారం ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి నేను పడిన ఆందోళన ఇంతా అంతా కాదు. నాన్నగారు మూడు రోజుల్లో కోలుకున్నారు. అది మందు వల్ల కాదని, బయటి తిండి వల్లనని తర్వాత తేల్చారు. బిల్లు గురించి మాత్రం మొదట ఎవరూ మాట్లాడలేదు. ట్రయల్‌లో చేరినవారి హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అని ఒకటి ఉంటుందని, దానికి రాయవచ్చని తెలిసినవారు చెబితే ఒక పేజీ ఉత్తరం రాశాను. నెల తిరగకుండా ఆ బిల్లు చెల్లించారు, ఒప్పంద పత్రం ప్రతి కూడా వచ్చింది.

అందుకని మీరు ఇంటికి బయలుదేరే ముందే సంతకాలతో కూడిన ప్రతిని చేతిలో పెట్టించుకోండి. డాక్టరు సెల్ నంబరు, రాత్రిపూట పలికే ఇంకో నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకుని అమ్మగారి పర్సులో ఒకటి, మీ ఫోనులో ఒకటి ఉంచండి.

ఇంకొక మాట. ట్రయల్ ముగిసిన రోజున మందు ఆగిపోయింది. నాన్నగారికి అది అసలు మందో ఉత్త మాత్రో అప్పటికి తెలియదు కానీ, తనను ఒడ్డున దించేసి పడవ వెళ్ళిపోయినట్టు బెంగపడ్డారు. తర్వాత ఏం జరుగుతుందో ముందే అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

విశాఖ_వకీలు

అమ్మా, నేను న్యాయవాదిని. ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో న్యాయ నిపుణుడిగా ఆరేళ్ళు సభ్యుడిగా ఉన్నాను. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అన్నయ్య ఏమన్నారో రాశారు, నాన్నగారు ఏమన్నారో రాశారు, మీ సందేహాలూ రాశారు. అమ్మగారు ఏమన్నారో మాత్రం ఎక్కడా రాయలేదు.

నిర్ణయించుకునే తెలివి, స్పృహ ఉన్న మనిషి తరఫున భర్త గానీ, కొడుకు గానీ, కూతురు గానీ సంతకం పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. మీ నాన్నగారు ఆ పని చేయకూడదు. ఆమెకు చదవడం రాకపోతే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట అంతా చదివి వినిపించి, ఆమె చేతనే వేలిముద్ర వేయించి, సాక్షి చేత సంతకం చేయించాలి. ఇది చాదస్తం కాదు. ఈ నియమాన్ని పక్కన పెడితే ఏమవుతుందో మన నేల మీదే చూశాము.

2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి నడిపిన ఆ కార్యక్రమానికి ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అని పేరు పెట్టారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ అటువంటిదే నడిచింది. 2010 ఏప్రిల్‌లో రెండింటినీ ఆపేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు, ఆ టీకా మంచిదన్న విషయంలోనూ నాకు అనుమానం లేదు. కానీ అంగీకార పత్రాల సంగతి వేరు. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఏ కొండ మీదో, ఏ చేనులోనో ఉన్నారు, వారిని అడిగినవారే లేరు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పు పట్టింది. టీకా మంచిదైనంత మాత్రాన అడగకుండా వేయడం మంచిది కాలేదు.

ఇందౌర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ క్లినికల్ ట్రయల్స్ తీరు గురించి వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని నిలదీయడంతో, 2013లో నష్టపరిహారానికి, ఎథిక్స్ కమిటీల రిజిస్ట్రేషన్‌కు నియమాలు వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నవి 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి. వాటిలో మీకు పనికివచ్చేవి చెబుతాను.

ట్రయల్‌లో ఉన్న మనిషికి హాని జరిగితే, ట్రయల్ వల్ల కాదని తేలేవరకు లేదా వైద్యుడు అవసరమన్నంత కాలం, ఈ రెంటిలో ఏది ముందైతే అంతవరకు ఉచితంగా వైద్యం చేయించాలి. మానేరు ఒడ్డు గారికి బిల్లు చెల్లించడం దయ కాదని అందుకే అంటున్నాను. తీవ్రమైన హాని అయితే వైద్యుడు 24 గంటల్లోగా కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు, ట్రయల్ నడిపే కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. మరణం గానీ, శాశ్వత వైకల్యం గానీ ట్రయల్ వల్లనే జరిగిందని తేలితే కంపెనీ పరిహారం చెల్లించాలి. మరణానికి ఎనిమిది లక్షల రూపాయలను మూలంగా తీసుకుని, వయసును బట్టి ఒక అంకెతోను, చేరేనాటికి జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 వరకు ఉండే ఇంకొక అంకెతోను లెక్క కడతారు. ఆరు నెలలకు మించి బతకరనుకున్న 65 ఏళ్ళు దాటిన రోగికి నాలుగు లక్షలు, ఆరోగ్యవంతుడైన పదహారేళ్ళ కుర్రవాడికి 73 లక్షల 60 వేలు వస్తాయి. ప్రాణానికి ఇలా వెల కట్టే లెక్క వినడానికి కఠినంగానే ఉంటుంది. కానీ ఆ లెక్క లేని రోజుల్లో మరణించినవారి కుటుంబాలు కంపెనీ దయకు చేతులు చాచవలసి వచ్చేది.

అంగీకార పత్రంలో నామినీ పేరు రాసే గడి ఉంటుంది. చాలామంది అది అశుభమని ఖాళీగా వదిలేస్తారు. వదలవద్దు. మందు మేలు చేసి, దానికి బదులు వేరే వైద్యం లేదనుకున్నప్పుడు, వైద్యుడి సిఫారసుతో, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో ట్రయల్ తర్వాత కూడా ఉచితంగా అందించే ఏర్పాటు నియమాల్లో ఉంది. ఒడ్డున దించేసినట్టయిందని బాధపడిన పెద్దాయన విషయంలో ఎవరైనా ఆ ప్రస్తావన తెచ్చారో లేదో.

ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుంటారు. అందులో సగం మంది ఆ సంస్థకు చెందనివారై ఉండాలి, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు తప్పనిసరి. మేము ఒకసారి ఒక పత్రాన్ని మూడుసార్లు వెనక్కి పంపాము. మా కమిటీలోని సామాన్య సభ్యురాలు, రిటైరైన టీచరు గారు, ‘ఇది మా వీధిలో పాలు పోసే అమ్మాయికి అర్థమవుతుందా’ అని అడిగితే ఎవరూ అవుననలేకపోయారు. మీ దగ్గరున్న 24 పేజీల్లో అర్థం కాని మాటలున్నాయని ఆ కమిటీకి మీరూ రాయవచ్చు. చిరునామా ఆ పత్రంలోనే ఉంటుంది.

చివరగా, మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌నూ మొదటి రోగిని చేర్చుకోక ముందే ఐసీఎంఆర్ నడిపే సీటీఆర్ఐ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. డాక్టరు గారిని ఆ నమోదు సంఖ్య అడగండి. సీటీఆర్ఐ అన్న అక్షరాల తర్వాత సంవత్సరం, నెల, ఒక వరుస సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యతో ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతికి, కంపెనీ ఎవరో, ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోందో, ఎంతమందిని తీసుకుంటున్నారో ఉచితంగా చూసుకోవచ్చు. సంఖ్య చెప్పడానికి తడబడే చోట సంతకం పెట్టవద్దు.

సంతపేట_వాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నందుకు క్షమించండి.

వకీలు గారూ, మీరన్నది చదివి సిగ్గుపడ్డాను. అమ్మ పదో తరగతి వరకు చదివారు. ఆ కాగితాలు మేమే పంచుకుని చదువుకుంటున్నాము తప్ప ఆమె చేతికి ఇవ్వనే లేదు. ఇచ్చాక, సాయంత్రం దీపం పెట్టిన తర్వాత వరండాలో కూర్చుని రోజుకు మూడు నాలుగు పేజీల చొప్పున వారం రోజులు చదివారు. అర్థం కాని చోట పెన్సిలుతో గీత పెట్టుకున్నారు. మొత్తం 31 గీతలయ్యాయి. వార్డు డైరీ గారు రాసింది కూడా ఆమెకు చదివి వినిపించాను. గుండె జబ్బు వచ్చిన ఆ 96 మంది దగ్గర ఆపమని, మళ్ళీ చదవమన్నారు.

ఆదివారం అన్నయ్య వచ్చాడు, సోమవారం నలుగురం విజయవాడ వెళ్ళాము. డాక్టర్ గారు తలుపు వేసి ముప్పావుగంట కూర్చున్నారు. అమ్మ తన గీతలు ఒక్కొక్కటే అడిగారు. మందు లేని మాత్ర గురించి ఆమె అసలు బెంగపడలేదు. ఇప్పటి మందులు ఆపనప్పుడు తనకు పోయేదేముందన్నారు. ఆమె గట్టిగా అడిగినవి రెండే. తన గుండెను ఎవరు, ఎన్నాళ్ళకొకసారి చూస్తారు అన్నది మొదటిది. ప్రతి ఆరు నెలలకు ఎకో (గుండె స్కాన్) తీస్తారని, బయటి నిపుణుల సంఘం కూడా ఉందని ఆయన పత్రంలోని పేజీ తీసి చూపించారు. శనివారాలు తాను ఒంటిపూట ఉంటానని, మాత్ర ఎలా వేసుకోవాలన్నది రెండోది. ఇన్సులిన్ తీసుకునే మనిషి ఉపవాసం ఉంటున్నారన్న సంగతి ఆయనకు ఇన్నేళ్ళలో అప్పుడే తెలిసింది. ట్రయల్ మాట పక్కన పెట్టి ముందు శనివారం ఇన్సులిన్ మోతాదు మార్చి రాశారు.

సీటీఆర్ఐ సంఖ్య అడగగానే చెప్పారు. అన్నయ్య అక్కడే ఫోనులో తీసి చూసుకున్నాడు. ఆ తర్వాత అతను కాదనలేదు, అవుననీ అనలేదు. అమ్మ ఇష్టమన్నాడు. అమ్మ సంతకం పెట్టారు. నామినీ గడిలో నాన్నగారి పేరు రాస్తారనుకున్నాను. నా పేరు రాశారు.

అయితే చేరడం ఇంకా పూర్తి కాలేదు. ఆ రోజు తీసిన రక్తంలో పొటాషియం 5.3 వచ్చింది. వారి కొలత ప్రకారం 5 దాటకూడదట. కొబ్బరినీళ్ళు, అరటిపండు మానేసి రెండు వారాల తర్వాత మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. సంతకాల ప్రతి, రాత్రిపూట పలికే నంబరు ఉన్న కార్డు అమ్మ బీపీ పుస్తకంలో పెట్టుకున్నారు. ఆ నంబరు నిజంగా పలుకుతుందో లేదోనని మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు తానే ఒకసారి చేసి చూశారు. పలికింది.